ఒంటిస్తంభం మేడలో ఒక ఊరు

దుబాయిలోని బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. దాని కింద నిలబడి మెడ వెనక్కి వంచి చూసినవారైనా, ఫొటోలో మాత్రమే చూసినవారైనా మొదట అడిగే ప్రశ్న ఒకటే: గాలికి పడిపోదా? దాని వెనకే మరికొన్ని వస్తాయి. అంత పైకి నీళ్ళు ఎలా ఎక్కుతాయి? నూరో అంతస్తులో కాపురం ఉండేవాళ్ళు కిందికి ఎలా వచ్చిపోతారు? నిప్పంటుకుంటే ఎటు పోవాలి? చూడ్డానికి ఇవి వేరువేరు ప్రశ్నలు. కట్టే ఇంజనీర్లకు మాత్రం ఇవన్నీ కలిసి ఒకే చిక్కుముడి. ఆ ముడి విప్పే కొస భవనం వాడకంలో దొరుకుతుంది. లోపల ఎవరు ఉంటారు, ఏ వేళ ఏం చేస్తారు అన్న సంగతే దాని ఆకారాన్ని నిర్ణయించింది. ఆ ఆకారమే దానికి బలాన్నిచ్చింది.

భవనానికి 2004 జనవరిలో తవ్వకం మొదలైంది, 2010 జనవరి 4న ప్రారంభోత్సవం జరిగింది. కట్టినంతకాలం దాని పేరు బుర్జ్ దుబాయి. అప్పుల్లో చిక్కుకున్న దుబాయిని పొరుగు ఎమిరేట్ అబుదాబి ఆదుకున్న కొద్ది వారాలకే ప్రారంభోత్సవం వచ్చింది. ఆ రోజునే అప్పటి అబుదాబి పాలకుడు, దేశాధ్యక్షుడు అయిన షేక్ ఖలీఫా పేరు దానికి పెట్టారు. కట్టించింది ఎమార్ అనే సంస్థ. ఆకారం గీసింది చికాగోకు చెందిన స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ సంస్థలోని వాస్తుశిల్పి ఏడ్రియన్ స్మిత్. అది నిలబడేలా లెక్క కట్టింది అదే సంస్థలోని ఇంజనీరు విలియం బేకర్. నిర్మాణాన్ని దక్షిణ కొరియాకు చెందిన సామ్‌సంగ్ నిర్మాణ విభాగం, బెల్జియం కంపెనీ బెసిక్స్, స్థానిక కంపెనీ అరబ్‌టెక్ కలిసి పూర్తి చేశాయి.

ఇది ఒంటరిగా నిలబడ్డ గోపురం కాదు. డౌన్‌టౌన్ దుబాయి అనే, సుమారు రెండు చదరపు కిలోమీటర్ల కొత్త పేట నడుమ ఉంది. 2008 నవంబరులో తెరిచిన దుబాయి మాల్, తవ్వి నింపిన సరస్సు, అందులో ఎగిసే ఫౌంటెన్లు, హోటళ్ళు, అపార్టుమెంట్లు దాని చుట్టూ ఉన్నాయి. భవనం ఒక్కదానికే దాదాపు 150 కోట్ల డాలర్లు ఖర్చయిందని చెబుతారు. ఇంత పెద్ద కట్టడం పక్కన ఉంటే చుట్టుపక్కల స్థలం విలువ కూడా పెరుగుతుంది కాబట్టి ఖర్చు, రాబడి లెక్కలు మొత్తం పేటకు కలిపి వేసుకోవలసినవి.

కింద కొట్టు, పైన కాపురం

పాత బజారు వీధుల్లో కింద కొట్టు, పైన కాపురం ఉండడం తెలుగువారు తరతరాలుగా చూస్తున్నదే. ఒకే కట్టడంలో రెండు మూడు రకాల వాడకాలు కలవడాన్ని ఇంజనీర్లు మిశ్రమ వినియోగం అంటున్నారు. ఎత్తయిన భవనాల లెక్కలు చూసే అంతర్జాతీయ మండలి దీనికి ఒక హద్దు గీసింది. ఒక్కో వాడకానికీ భవనంలో కనీసం 15 శాతం వాటా ఉంటేనే దాన్ని మిశ్రమ భవనంగా లెక్కిస్తుంది. పైకప్పు మీద ఒక హోటలు తెరిచినంత మాత్రాన ఆఫీసు భవనం మిశ్రమ భవనం అయిపోదు.

తొలినాటి ఆకాశహర్మ్యాలు చాలావరకు ఆఫీసులే. 1931లో తెరుచుకున్న న్యూయార్కు ఎంపైర్ స్టేట్ భవనం కూడా అంతే. ఆఫీసు వేళ దాటితే అలాంటి భవనంలో లిఫ్టులు, మోటార్లు, కార్ల పార్కింగు చాలావరకు ఊరకే పడి ఉంటాయి. 1969లో చికాగోలో లేచిన జాన్ హాన్‌కాక్ సెంటర్ ఈ పద్ధతిని పెద్ద ఎత్తున మార్చింది. 100 అంతస్తులు, 344 మీటర్లు. అడుగున దుకాణాలు, వాటి మీద పార్కింగు, ఆపైన ఆఫీసులు, ఇంకా పైన ఇళ్ళు. దీని నిర్మాణ లెక్కలు వేసింది ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. ఇరవయ్యో శతాబ్దంలో ఎత్తయిన కట్టడాల గురించి ఆయనంత లోతుగా ఆలోచించినవారు తక్కువ.

హాన్‌కాక్ సెంటర్ కింద వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా ఉంటుంది. ఆ వాలు గాలికి తట్టుకోవడానికి పనికొస్తుంది, కానీ దానికి మరో కారణం కూడా ఉంది. ఆఫీసుకు వెడల్పాటి అంతస్తు కావాలి. హాలు మధ్యలో, కిటికీకి దూరంగా కూర్చుని కూడా పని చేసుకోవచ్చు. ఇంటికి అది కుదరదు. పడకగదికీ వంటింటికీ వెలుతురు కావాలి, గాలి కావాలి, బయటికి చూపు కావాలి. అందుకని ఇల్లున్న అంతస్తు సన్నగా ఉండాలి. కింద ఆఫీసులు, పైన ఇళ్ళు పెట్టగానే భవనం తనంతట తానే పైకి సన్నబడింది.

బుర్జ్ ఖలీఫాలో అమరిక కొంచెం వేరు. కింది అంతస్తుల్లో అర్మానీ హోటలు, దానిపైన సుమారు 900 ఇళ్ళు, ఇంకా పైకి పోతే చిన్న చిన్న ఆఫీసులు. నడుమ 124, 148 అంతస్తుల్లో సందర్శకులు ఊరిని చూసే చోట్లు. సన్నబడ్డ పై అంతస్తుల్లో వందల బల్లలు పట్టే హాలు పట్టదు కాబట్టి అక్కడికి చిన్న ఆఫీసులు చేరాయి. ఇలా కలపడంలో మరో లాభం ఉంది. ఆఫీసుల్లో ఏసీల వాడకం పగలు ఎక్కువ, ఇళ్ళలో సాయంత్రం నుంచి ఎక్కువ, హోటల్లో పొద్దున స్నానాల వేళ నీళ్ళ వాడకం ఎక్కువ. ఒకరి రద్దీ వేళ ఇంకొకరిది కాదు. కనుక కరెంటు, నీళ్ళు, చల్లదనం ఇచ్చే యంత్రాలను అందరి గరిష్ఠ అవసరాలనూ కూడి అంత పెద్దవిగా పెట్టనక్కర్లేదు.

మూడు రెక్కలు

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. పడిపోకుండా ఉండాలంటే కట్టడం అడుగు వెడల్పుగా ఉండాలి. ఇళ్ళకు వెలుతురు రావాలంటే సన్నగా ఉండాలి. 800 మీటర్ల ఎత్తుకు సరిపడా వెడల్పుతో నలుచదరంగా కడితే లోపలి భాగమంతా కిటికీ ఎరగని చీకటి గదులవుతాయి. అలాంటి ఇంటిని ఎవరూ కొనరు.

పైనుంచి చూస్తే బుర్జ్ ఖలీఫా మూడు రెక్కలుగా కనిపిస్తుంది. నడుమ ఆరు పలకల కాంక్రీటు గొట్టం, దాని నుంచి మూడు దిక్కులకు సాగిన మూడు రెక్కలు. ఒక్కో రెక్క సన్నగా ఉంటుంది కాబట్టి దాని రెండు పక్కలా ఇళ్ళకు కిటికీలు దొరుకుతాయి. రెక్కలు ఒకదానికొకటి ఎడంగా తిరిగి ఉండడం వల్ల ఒకరి కిటికీలోంచి ఇంకొకరి ఇల్లు నేరుగా కనిపించదు. మూడు రెక్కలూ కలిసి నేల మీద వెడల్పుగా కాళ్ళు చాపాయి కాబట్టి పడిపోయే భయమూ తగ్గింది. ఇళ్ళకు కావలసిన సన్నదనం, నిలబడడానికి కావలసిన వెడల్పు రెండూ ఒకే గీతలో దొరికాయి. ఈ కట్టడంలో మెచ్చుకోవలసిన ఆలోచన ఎత్తు కంటే ముందుగా ఇదే.

తక్షకుడికి భయపడి పరీక్షిత్తు ఒంటిస్తంభం మేడలో దాక్కున్న కథ తెలుగు నేల మీద అందరూ విన్నదే. బుర్జ్ ఖలీఫాలో కూడా స్తంభం ఒక్కటే, కాకపోతే దానికి మూడు వైపులా ఊతలున్నాయి. నడిగొట్టం లోపల లిఫ్టులు తిరుగుతాయి. భవనాన్ని గాలి మెలితిప్పకుండా అడ్డుపడేది ఆ ఆరు పలకల గొట్టమే. కానీ అది ఒంటరిగా అంత ఎత్తుకు పోతే సన్నని గడలా వంగిపోతుంది. ప్రతి రెక్కలోనూ నడవాకు అటూ ఇటూ మందపాటి కాంక్రీటు గోడలు గొట్టం దాకా సాగి దానికి ఆనుకుంటాయి. ఒక దిక్కు నుంచి గాలి తోస్తే మిగతా దిక్కుల రెక్కలు అడ్డుగా నిలిచి ఊతమిస్తాయి. బట్రెస్డ్ కోర్ అని ఇంజనీర్లు పిలిచే ఈ పద్ధతిని తెలుగులో ఊతగోడల నడిస్తంభం అనవచ్చు. ఇదే సంస్థ సియోల్‌లో టవర్ ప్యాలెస్ 3 అనే నివాస భవనానికి మూడు రెక్కల ఆకారాన్ని ముందే వాడి చూసింది.

భవనంలో కొన్ని అంతస్తుల్లో మనుషులుండరు. మోటార్లు, ట్యాంకులు, గాలిని తిప్పే పంకాల వంటి యంత్రాలే ఉంటాయి. అక్కడ కిటికీలతో, తలుపులతో పనిలేదు. ఆ వీలును వాడుకుని, ఆ అంతస్తుల్లో లోపలి గోడలనూ అంచున ఉన్న స్తంభాలనూ కలుపుతూ బలమైన అడ్డుగోడలు పోశారు. దాంతో అంచు స్తంభాలు కూడా గాలిని ఎదిరించే పనిలో చేరాయి.

ఉక్కుతో కాకుండా చాలావరకు కాంక్రీటుతో కట్టడానికి కారణం కూడా వాడకంలోనే ఉంది. కాంక్రీటు బరువైనది, ఊగినా త్వరగా నెమ్మదిస్తుంది. పై ఇంటివాళ్ళ అడుగుల చప్పుడు కింది ఇంటికి అంతగా వినిపించదు. హోటలుకూ ఇళ్ళకూ ఈ గుణాలు ముఖ్యం. నివాస అంతస్తులన్నీ కాంక్రీటువే. వాటికి పైన, 156వ అంతస్తు తర్వాతి శిఖరం ఉక్కుది.

గాలిని తికమక పెట్టడం

గాలి అంటే ముందు నుంచి తోసేది అనుకుంటాం. చాలా ఎత్తయిన భవనాలకు ముప్పు పక్కల నుంచి వస్తుంది. వీచే గాలి భవనానికి తగిలి రెండుగా చీలి, అటూ ఇటూ జారి, వెనక సుడులు తిరుగుతుంది. ఈ సుడులు రెండు వైపులా ఒకేసారి పుట్టవు. ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన, మళ్ళీ ఎడమన, ఇలా వంతులవారీగా పుట్టి విడిపోతాయి. సుడి పుట్టిన వైపు గాలి ఒత్తిడి తగ్గి భవనాన్ని అటు లాగుతుంది. వోర్టెక్స్ షెడ్డింగ్ అనే ఈ సంగతిని సుడుల విడుపు అనుకోవచ్చు.

ఒక్కో లాగుడు చిన్నదే. అది ఎప్పుడు ప్రమాదమవుతుందో ఊయల ఊపినవారికి తెలుసు. చంటిపిల్ల కూర్చున్న ఊయలను ఎవరూ బలంగా తోయరు. వెనక్కి వచ్చి మళ్ళీ ముందుకు కదలబోయే క్షణంలో వేలితో చిన్నగా నెడతారు. అది మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ నెడతారు. నాలుగైదు సార్లకే ఊయల ఎత్తుకు లేస్తుంది. అదే నెట్టుడు తప్పు సమయంలో, ఊయల ఇంకా వెనక్కి వస్తుండగానే తగిలితే ఊపు తగ్గుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఊయల పైకి లేచేది తోసిన బలంతో కాదు, తోసే వరుస దాని ఊపుతో కలవడం వల్ల. ప్రతి ఊయలకూ తాడు పొడవును బట్టి తనదైన ఒక ఊపు ఉన్నట్టే, ప్రతి భవనానికీ ఎత్తు, బరువు, బిగువులను బట్టి తనదైన ఊపు ఉంటుంది. బుర్జ్ ఖలీఫా ఒకసారి అటు ఒరిగి, ఇటు ఒరిగి మొదటి చోటికి రావడానికి సుమారు 11 సెకన్లు పడుతుందని లెక్క వేశారు. గాలి సుడులు కూడా సరిగ్గా ఆ వరుసలో, భవనం పొడవునా ఒక్కసారిగా పుడితే, ప్రతి సుడీ కిందటి ఊపుకు తోడవుతుంది.

సుడులు ఎంత త్వరత్వరగా పుడతాయన్నది గాలి వేగం మీద, భవనం వెడల్పు మీద ఆధారపడుతుంది. గాలి వేగం మన చేతిలో లేదు, వెడల్పు ఉంది. బుర్జ్ ఖలీఫా పైకి పోతూ మెట్లుమెట్లుగా తగ్గుతుంది. ఈ మెట్లు మూడు రెక్కల మీదా ఒకే ఎత్తున రావు. ఒక రెక్క కుదించుకున్నాక కొంత పైన రెండోది, ఇంకొంత పైన మూడోది, ఇలా మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. ఫలితంగా ఏ ఎత్తున చూసినా భవనం వెడల్పు వేరు, ఆకారం వేరు. నలభయ్యో అంతస్తు దగ్గర సుడులు ఒక వేగంతో పుడితే తొంభయ్యో అంతస్తు దగ్గర ఇంకో వేగంతో పుడతాయి. అవి ఒక జట్టుగా కలిసి లాగే అవకాశమే ఉండదు. దీన్ని ఇంజనీర్లు గాలిని తికమక పెట్టడం అంటారు. ఫొటోల్లో అందానికి చేసినట్టు కనిపించే మెలిక వెనక ఇంత పని ఉంది.

ఈ అమరిక కాగితం మీద తేలింది కాదు. కెనడాలో ఆంటారియో రాష్ట్రంలోని గ్వెల్ఫ్ అనే ఊళ్ళో, గాలి సొరంగంలో చిన్న నమూనాలు నిలబెట్టి నలభైకి పైగా పరీక్షలు చేశారు. రెక్క మొన మీదికి వీచే గాలి కంటే రెండు రెక్కల సందులోకి వీచే గాలే భవనాన్ని ఎక్కువ ఊపుతుందని వాటిలో తెలిసింది. దుబాయిలో బలమైన గాలులు ఎక్కువగా ఏ దిక్కుల నుంచి వస్తాయో చూసుకుని భవనం ముఖాన్ని దానికి తగ్గట్టు తిప్పారు. మెట్ల వరుసనూ సవరించారు.

భవనం విరిగిపోకుండా ఉంటే చాలదు. ఊగుడు మనిషికి తెలియకూడదు. పని హడావుడిలో ఉన్నవాడికి తెలియని కదలిక మంచం మీద పడుకున్నవాడికి తెలుస్తుంది, కడుపులో తిప్పుతుంది. అందుకే ఇళ్ళున్న భవనాలకు ఊగుడు విషయంలో ఆఫీసు భవనాల కంటే కఠినమైన హద్దు పెడతారు. తైవాన్‌లోని తైపీ 101 భవనంలో ఊపు తగ్గించడానికి పై అంతస్తుల్లో 660 టన్నుల ఉక్కు గోళాన్ని వేలాడదీశారు. బుర్జ్ ఖలీఫాలో అలాంటిదేమీ లేదు. ఆకారమే ఆ పని చేస్తోంది.

ఇసుక అడుగున, ఎండ కింద

ఖాళీ భవనం బరువే సుమారు 5 లక్షల టన్నులు. దుబాయి నేల కింద గట్టి నల్లరాయి లేదు. ఇసుక, దాని అడుగున మెత్తని ఇసుకరాయి పొరలు ఉన్నాయి. అలాంటి చోట పునాది రాతి మీద కూర్చోవడం కుదరదు. 3.7 మీటర్ల మందంగల కాంక్రీటు పలకను పోసి, దాని కింద మీటరున్నర అడ్డుకొలతతో, సుమారు 43 మీటర్ల పొడవుతో 190కి పైగా పైల్స్ దించారు. ఆ పైల్స్‌ని నిలిపేది ముఖ్యంగా వాటి ఒంటికీ చుట్టూ ఉన్న మెత్తని రాతికీ మధ్య రాపిడి.

బరువు కంటే మొండి శత్రువు భూగర్భ జలం. అక్కడి నీటిలో ఉప్పు సముద్రపు నీటిలో కన్నా ఎక్కువ. అలాంటి నీరు కాంక్రీటులోకి ఇంకి లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. అందుకని నీరు ఇంకని దట్టమైన కాంక్రీటు వాడారు, పునాదికి పొరల రక్షణ ఇచ్చారు. అంతటితో ఆగకుండా, పునాది కింద టైటానియం వల పరిచి సన్నని విద్యుత్ ప్రవాహం పంపే ఏర్పాటు చేశారు. ఆ ప్రవాహం ఇనుముకు తుప్పు పట్టే రసాయన చర్యను అడ్డుకుంటుంది.

పైకి కట్టేటప్పుడు ఎండ ఇంకో పరీక్ష పెట్టింది. వేడికి కాంక్రీటు త్వరగా బిగుసుకుంటుంది, ఆరేటప్పుడు పగుళ్ళిస్తుంది. దుబాయి వేసవిలో పగలు పోస్తే అది గొట్టంలోనే గట్టిపడే ప్రమాదం ఉంది. కనుక వేసవిలో రాత్రిపూట, కలిపే నీటిలో కొంత భాగం బదులు ఐసు వేసి పోసేవారు. పంపులతో కాంక్రీటును ఏకబిగిన 600 మీటర్లకు పైగా ఎత్తుకు పంపడం అప్పటికి ప్రపంచ రికార్డు. సెంట్రింగ్ కూడా మామూలు పద్ధతిలో విప్పి మళ్ళీ బిగించేది కాదు. ఒక అంతస్తు గోడలు గట్టిపడగానే అచ్చులు యంత్రాల సాయంతో తామే పై అంతస్తుకు ఎక్కేవి.

కాంక్రీటుకు ఇంకో గుణం ఉంది. నెత్తిన బరువు పెరిగేకొద్దీ, ఏళ్ళు గడిచేకొద్దీ అది కొద్దికొద్దిగా కుంగుతుంది. రెండంతస్తుల ఇంట్లో ఇది ఎవరికీ పట్టని విషయం. నూటయాభై అంతస్తుల్లో ఆ చిన్న చిన్న కుంగుళ్ళన్నీ కూడుకుని లెక్కలోకి వస్తాయి. ముందే ఊహించి ఒక్కో అంతస్తును కావలసిన దానికన్నా రవ్వంత ఎత్తుగా కట్టారు. నిటారుగా లేస్తోందో లేదో ఉపగ్రహాల సంకేతాలతో కొలుచుకుంటూ పోయారు.

ఈ లెక్కలన్నీ వేసినవారి పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ అచ్చులు బిగించినవారి, చువ్వలు కట్టినవారి పేర్లు లేవు. పని ముమ్మరంగా సాగిన రోజుల్లో ఒక్కరోజునే 12,000 మంది దాకా పనిచేశారు. వారిలో ఎక్కువమంది దక్షిణాసియా నుంచి వచ్చినవారు. కరీంనగర్, నిజామాబాద్ వంటి తెలంగాణ జిల్లాల నుంచి గల్ఫ్ దేశాల కట్టడాల మీదికి పనికి వెళ్ళడం దశాబ్దాలుగా సాగుతున్నదే. 2006 మార్చిలో ఈ భవనం పనిచోట సుమారు 2,500 మంది కూలీలు తిరగబడ్డారు. పని ముగిశాక తీసుకెళ్ళవలసిన బస్సులు ఆలస్యమవడంతో అది రాజుకుంది. అదే ఏడాది నవంబరులో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ దుబాయి నిర్మాణ కూలీల బతుకుల మీద నివేదిక వెలువరించింది. ఎగ్గొట్టిన జీతాలు, లాక్కున్న పాస్‌పోర్టులు, ఏజెంట్లకు పడ్డ అప్పులు అందులో నమోదయ్యాయి. ఎత్తు గురించి చెప్పే ఏ పుస్తకమైనా ఈ సంగతి కూడా చెప్పి తీరాలి. 828 మీటర్లు లేచింది ఆ చెమట మీదే.

లిఫ్టు, నీరు, చల్లదనం

నూరంతస్తుల భవనంలో ప్రతి అంతస్తుకూ నేల నుంచి నేరుగా లిఫ్టు పెడితే ఏమవుతుంది? పైన ఉండేవారు పెరిగేకొద్దీ లిఫ్టులు పెరగాలి. ప్రతి లిఫ్టు గొట్టమూ కింది నుంచి పైదాకా అన్ని అంతస్తుల్లోనూ చోటు తింటుంది. ఒక దశ దాటాక కింది అంతస్తుల్లో లిఫ్టులు తప్ప గదులు మిగలవు. భవనాల ఎత్తును చాలాసార్లు ఆపింది ఇనుము, కాంక్రీటుల బలహీనత కన్నా ఈ చోటు లెక్కే.

దీనికి విరుగుడు నడుమ దిగి మారడం. బుర్జ్ ఖలీఫాలో 43, 76, 123 అంతస్తుల్లో ఆకాశపు లాబీలు ఉన్నాయి. పైన ఉండేవారు వేగంగా వెళ్ళే లిఫ్టులో మధ్యలో ఆగకుండా లాబీకి చేరి, అక్కడ దిగి, తమ అంతస్తుకు వెళ్ళే చిన్న లిఫ్టు ఎక్కుతారు. అలా చేస్తే ఒకే నిలువు దారిలో ఒకదాని మీద ఒకటిగా రెండు మూడు లిఫ్టులు తిరగవచ్చు. మారేందుకు ఎలాగూ ఆగాలి కాబట్టి 43, 76 అంతస్తుల్లోని లాబీల దగ్గర ఈతకొలనులు, వ్యాయామశాలలు పెట్టారు. హోటలు అతిథులకు, ఇళ్ళవారికి, ఆఫీసులవారికి, సందర్శకులకు దారులు వేరు, లిఫ్టులు వేరు. మొత్తం లిఫ్టులు 57. సందర్శకుల్ని తీసుకెళ్ళే రెండంతస్తుల లిఫ్టు సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతుంది.

నీటి లెక్క సులువు. ప్రతి 10 మీటర్ల ఎత్తు నీటికీ అడుగున చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. మూడంతస్తుల ఇంటి మీది ట్యాంకు నుంచి కింది కుళాయికి వచ్చే నీటి వడి ఇందులోంచే వస్తుంది. 500 మీటర్ల ఎత్తున ఒకే ట్యాంకు పెట్టి అక్కడి నుంచి కిందికి గొట్టం వేస్తే అడుగున ఒత్తిడి 50 కిలోలు. ఆ ఒత్తిడికి ఇంట్లో వాడే కుళాయి ఏదీ ఆగదు. అందుకే నీటిని ఒక్క మోటారుతో పైకి కొట్టరు. యంత్రాల అంతస్తుల్లో ట్యాంకులు పెట్టి, ఒక ట్యాంకు నుంచి పై ట్యాంకుకు మజిలీలుగా ఎక్కిస్తారు. ప్రతి ట్యాంకూ తన కింది కొద్ది అంతస్తులకే నీరిస్తుంది. రోజుకు సగటున 9,46,000 లీటర్లు ఇలా భవనంలోకి వెళ్తాయి.

ఎండాకాలంలో భవనాన్ని చల్లగా ఉంచడానికి కావలసిన గరిష్ఠ శక్తి రోజుకు 10,000 టన్నుల ఐసు కరిగితే వచ్చే చల్లదనంతో సమానం. చల్లని నీరు బయటి ప్లాంట్ల నుంచి గొట్టాల ద్వారా వస్తుంది. దుబాయి గాలిలో వేడితోపాటు తేమ కూడా ఎక్కువ. ఆ గాలి చల్లని గొట్టాల చుట్టల మీదుగా పోయేటప్పుడు తేమ నీరై కారుతుంది. ఇళ్ళలోని ఏసీల వెనక బకెట్లలో పట్టే నీరు ఇదే. ఇక్కడ ఆ నీరు ఏడాదికి సుమారు 5 కోట్ల 70 లక్షల లీటర్లు. దాన్ని పట్టి ఆవరణలోని చెట్లకు పారిస్తారు.

పైన వాతావరణం కూడా కొంత వేరు. ప్రతి 100 మీటర్లకు అర డిగ్రీకి పైగా చల్లబడుతుంది కాబట్టి పైనుంచి తీసుకున్న గాలిని చల్లబరచడం తేలిక. ఎత్తున ఉన్నవారికి దిగంతం కిందికి జారుతుంది, సూర్యుడు ఆలస్యంగా అస్తమిస్తాడు. అందుకే రంజాన్ నెలలో 80 నుంచి 150 అంతస్తుల మధ్య ఉండేవారు నేల మీదివారికన్నా రెండు నిమిషాలు, ఇంకా పైనున్నవారు మూడు నిమిషాలు ఆగి ఉపవాసం విడవాలని దుబాయి మతాధికారులు 2011లో చెప్పారు.

నిప్పంటుకుంటే

నూటయాభై అంతస్తుల మెట్లు అందరూ ఒక్కసారిగా దిగడం జరిగే పని కాదు. ముసలివారు, పిల్లలు సగంలోనే అలసిపోతారు, మెట్లు కిక్కిరిసిపోతాయి. అందుకే ఇలాంటి భవనాల్లో పూర్తిగా కిందికి దిగడం ఒక్కటే దారిగా పెట్టుకోరు. కొన్ని అంతస్తులకొకసారి ఆశ్రయ గదులు ఉంటాయి. వాటి గోడలు చాలాసేపు మంటకు తట్టుకుంటాయి. లోపల గాలి ఒత్తిడి బయటికన్నా కాస్త ఎక్కువగా ఉంచుతారు. తలుపు తెరిచినా గాలి లోపలి నుంచి బయటికే తోస్తుంది కాబట్టి పొగ లోపలికి రాదు. మెట్లదారులకూ ఇదే ఏర్పాటు. అగ్నిప్రమాదాల్లో చాలామంది ప్రాణాలు తీసేది మంటకన్నా పొగే కనుక ఇది చిన్న విషయం కాదు.

మంటలొచ్చినప్పుడు లిఫ్టు ఎక్కవద్దని ప్రతి భవనంలోనూ బోర్డు ఉంటుంది. బుర్జ్ ఖలీఫాలో కొన్ని లిఫ్టులను మాత్రం ప్రత్యేకంగా రక్షించి, సిబ్బంది నడిపేలా, ఆశ్రయ అంతస్తుల నుంచి జనాన్ని దింపేలా అమర్చారు. మామూలు లిఫ్టుల విషయంలో ఆ బోర్డు మాట అక్కడా అమల్లోనే ఉంది.

ఇంకెంత పైకి

828 మీటర్లలో మనుషులు వాడే ఆఖరి అంతస్తు సుమారు 584 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. దానిపైన 244 మీటర్లు శిఖరమే. ఎవరూ ఉండని ఆ భాగమే విడిగా ఒక పెద్ద భవనమంత ఎత్తు. దాన్ని భవనం లోపలే ముక్కలుగా జోడించి, జాకీలతో పైకి నెట్టి నిలబెట్టారు. ఎత్తు రికార్డుకు పనికొచ్చిన ఈ భాగానికీ కింది ఇళ్ళ సుఖానికీ సంబంధం తక్కువ. వాడకంతో సంబంధం లేకుండా పెరిగిన ఎత్తు ఈ కట్టడంలో అదొక్కటే.

లిఫ్టు తాడు కూడా ఒక హద్దు గీస్తుంది. ఉక్కు తాడు పొడవు పెరిగేకొద్దీ అది మోయవలసిన బరువులో లిఫ్టుకన్నా తన బరువే ఎక్కువవుతుంది. సుమారు 500 మీటర్లు దాటాక ఉక్కు తాడుతో లాభం లేదు. బుర్జ్ ఖలీఫాలో అన్నిటికన్నా పొడుగు లిఫ్టు ప్రయాణం 504 మీటర్లు కావడం కాకతాళీయం కాదు. ఫిన్లాండ్ కంపెనీ కోనే 2013లో కార్బన్ నారతో చేసిన తేలికైన పట్టీని తెచ్చింది. దాంతో ఒక్క ఊపున వెయ్యి మీటర్ల దాకా వెళ్ళవచ్చని ఆ కంపెనీ చెబుతోంది.

సౌదీ అరేబియాలోని జెడ్డాలో కిలోమీటరు దాటేలా తలపెట్టిన భవనం 2013లో మొదలై, 2018లో ఆగి, 2025 జనవరిలో తిరిగి పని అందుకుంది. దాని ఆకారం గీసింది కూడా ఏడ్రియన్ స్మితే. అందులోనూ హోటలు, ఇళ్ళు, ఆఫీసులు ఉంటాయి. అందులోనూ మూడు రెక్కలే. కాకపోతే ఈసారి రెక్కలు మెట్లుమెట్లుగా కాక, అడుగు నుంచి కొస దాకా నున్నగా వాలుతూ సన్నబడతాయి. వెడల్పు ప్రతి అంతస్తులోనూ మారుతూనే ఉంటుంది కాబట్టి సుడుల వరుసను చెదరగొట్టే పని అక్కడ ఆ వాలు చేస్తుంది.